ఖాజాబీ పెట్టిన బువ్వ

2006 జూలై 11, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నా జబ్బు మొదలైంది. అంతకు ముందే లోపల ఉండి ఉంటుందని డాక్టరు అన్నారు. ఉండవచ్చు. నాకు తెలిసిన ఘడియ మాత్రం అది. గద్వాలలో మా ఇంటి అరుగు మీద ఖాజాబీ గాజుల మలారం దించి, నా ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళన్నీ దగ్గరకు చేర్చి నొక్కింది. ఖాజాబీ మా పక్కింటి మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడుగుతుంది. నా సైజు రెండు-ఎనిమిది. ముప్ఫై ఏళ్ళుగా అదే. భర్త పోయాక కూడా నేను గాజులు మానలేదు, మా చర్చిలో అడిగినవారూ లేరు. ఆ రోజు రెండు-ఎనిమిది గాజు నొక్కకుండానే ఎక్కింది. చెయ్యి కిందికి వంచగానే జారి అరుగు మీద పడింది. పగల్లేదు. గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. అది ఆగేదాకా మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఏంది టీచరమ్మా, చెయ్యి గిట్లయింది?"

"వయసు ఖాజాబీ. అరవై మూడు నడుస్తున్నయి."

"వయసుకే సన్నగయితే మా అత్తకు తొట్టెల్ల పిల్లల గాజులెక్కాలె. దవాఖానకు పో." రెండు-నాలుగు తీసి తొడిగింది. అది కూడా వదులే. "నీ చెయ్యి కాలుతుంది గూడ" అంది, వదలకుండా పట్టుకుని.

నేను పాన్‌గల్‌లో 1979 నుంచి 2005 దాకా ఇరవై ఆరేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. ప్రతి నెలా పిల్లల్ని వేలాడే కాటాకు గుడ్డ ఉయ్యాల కట్టి తూచి, గ్రాములతో సహా రాసేదాన్ని. ఆ అలవాటు పోలేదు. ఈ రాతలో తేదీలు ఎక్కువయ్యాయని విసుక్కోవద్దు. జ్వరంలో గోడలు, మంచం, పగలు, అన్నీ నీళ్ళలో రంగుల్లా కరిగిపోతున్నప్పుడు నేను పట్టుకున్న గుంజలు అవే.

జూలై నెలంతా జ్వరం మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. మంచి చుట్టంలాగా వేళ తప్పేది కాదు. ముందు కాళ్ళలో చలి, తర్వాత కళ్ళ వెనక వెచ్చదనం. మా ఇంటి పైకప్పులో ఒక రేకు దగ్గర సన్న సందు ఉంది. అందులోంచి రూపాయంత వెలుగు గోడ మీద పడి, మెల్లగా ఎక్కుతూ, క్యాలెండరు దాటి, మా ఆయన ఫోటో దగ్గరకు వచ్చేసరికి నాకు మంచం నేలను వదిలినట్టుండేది. పడవ మీద ఉన్నట్టు. కింద కృష్ణ నీళ్ళున్నట్టు. బస్టాండు వైపు నుంచి కేకలు వినిపించేవి: "కర్నూల్, కర్నూల్." ఆ మాట ఎవరో నన్ను పిలుస్తున్నట్టు ఉండేది. ఒక కల అనేకసార్లు వచ్చింది. పాన్‌గల్ కేంద్రంలో దూలానికి కాటా వేలాడుతుంది. గుడ్డ ఉయ్యాలలో పిల్లలకు బదులు ఊళ్ళోని పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. ముల్లు కదలదు. నేను పుస్తకంలో సున్నా రాస్తాను. వాళ్ళు నవ్వుతూ దిగిపోతారు. ఆఖరుకు నేను ఎక్కుతాను. అప్పుడే మెలకువ వచ్చేది.

ఛాతీ ఎక్స్‌రే వనపర్తిలో తీయించాం. గద్వాలలో కళ్ళె పరీక్ష చేశారు. ఆగస్టు 2, బుధవారం, పదకొండున్నరకు డాక్టరు నా కొడుకు ప్రకాశంతో చెప్పారు, నాతో కాదు. టీబీ అని. వాడు రాయచూరు దారిలో లారీ నడుపుతాడు. వారంలో రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. బయటికి వచ్చి నా మొహం చూడకుండా చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, "నయమైతదట అమ్మా, ఆర్నెల్లు మందు మింగాల్నట" అన్నాడు. నాకది తెలియని సంగతి కాదు. పాన్‌గల్‌లో ముగ్గురికి నేనే ఎదురుగా నిలబడి మాత్రలు మింగించాను. మింగాక నోరు తెరిపించి చూసేదాన్ని. ముగ్గురూ బాగయ్యారు. ఆ సంగతి నేను ఎంతమందితో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క రాసుకోలేదు. రాసి ఉంటే సిగ్గుపడేదాన్ని.

ఇప్పుడు డబ్బా మీద నా పేరు రాశారు. ఆరు నెలల మందూ అందులోనే. వేరెవరికీ ఇవ్వరట. సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానకు వెళ్ళి, సిస్టరు ముందు ఏడు మాత్రలు మింగాలి. ఆగస్టు 4న మొదటి మోతాదు. సిస్టరు "నోరు తెరువమ్మా" అంది. తెరిచాను.

ఆగస్టు 6, ఆదివారం, కోడలు సునీతను, పదహారు నెలల మనవరాలు లిల్లీని నాగర్‌కర్నూల్, సునీత పుట్టింటికి పంపించాను. మాట్లాడి నిర్ణయించింది కాదు, నేను చెప్పింది. పసిదానికి అంటుకుంటుందని భయం. అది నిజమైన భయమే.

"డాక్టరు వేరే గదిల పండుకుంటే చాలన్నడు అత్తమ్మా. నేనుండి వండిపెడ్త" అంది సునీత.

"వద్దు. నా కోసం ఎవరూ కష్టపడొద్దు."

"మీ కోసం ఎవరూ ఏం చెయ్యొద్దు. మీరు మాత్రం ఊరంతటికి చెయ్యాలె."

నేను సంచి తీసుకెళ్ళి ఆటోలో పెట్టాను. ఆటో కదిలేటప్పుడు లిల్లీ చెయ్యి ఊపలేదు. ఊపడం అప్పటికి రాదు దానికి. పదకొండు మాటలు వచ్చు. నా పుస్తకంలో రాసి ఉన్నాయి: అవ్వ, అమ్మ, బువ్వ, కుక్క, పో, దా, నీళ్ళు, లేదు, బుస్ (అంటే బస్సు), పువ్వు, అయ్యో.

మాత్రలు మింగిన రోజు ఒంటికి ఏ వాసనా పడేది కాదు. మూత్రం నారింజ రంగులో వస్తుందని నాకు ముందే తెలుసు. అయినా మొదటిసారి చూసినప్పుడు లోపల ఏదో పువ్వు నలిగి ఆ రంగు వస్తోందని అనుకున్నాను. జ్వరం అలాంటి ఆలోచనలు తెస్తుంది. చర్చి వాళ్ళు వచ్చి గడప అవతల నిలబడి ప్రార్థన చేసి వెళ్ళారు. వాళ్ళ తప్పేమీ లేదు. దూరం నిలబడమని నేనే చేత్తో సైగ చేశాను.

ఆగస్టు 21, సోమవారం, సాయంత్రం ఐదున్నరకు ఖాజాబీ ఒక స్టీలు గిన్నెతో వచ్చింది. కిచిడీ, పైన కాస్త నెయ్యి. గిన్నె అంచున అక్షరాలు కొట్టించి ఉన్నాయి: రజియా పెళ్ళి, 12-5-2002. రజియా ఖాజాబీ ఒక్కతే కూతురు, రాజోలిలో ఇచ్చారు. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచి అయిదో నెల దాటిందని ఆ వేసవిలోనే విన్నాను.

"నేనేం అడగలే ఖాజాబీ."

"నేనేం ఇయ్యలే. గిన్నె బరువైంది, నీ తాన దించిన. తిను జర."

మర్నాడు ఐదున్నరకు పప్పు, జొన్నరొట్టె. ఆ మర్నాడు రవ్వ జావ. రోజూ అదే వేళ, అదే గిన్నె. నాకు ఆశ్చర్యమే. ఇరుగుపొరుగున ఒకరోజు పెడతారు, రెండు రోజులు పెడతారు. ఇది వారం దాటింది. జ్వరం తగ్గి చెమటలు పోసే వేళ అది. గుమ్మంలో ఆమె నీడ, చేతినిండా గాజుల చప్పుడు, గిన్నె మీద ఆవిరి. ఆ మూడూ కలిసి నిద్రకూ మెలకువకూ నడుమ వంతెన వేసినట్టుండేవి.

మాలో ఎవరైనా కూర పంపితే గిన్నె ఉత్తగా తిరిగి పంపరు. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. పండో, పిండో, ఏమీ లేకపోతే పిడికెడు పప్పో. నేను పొయ్యి దగ్గర నిలబడలేను. నా చేతి వంట పంపినా ఎవరు తింటారు? అందుకని గిన్నె వేడినీళ్ళతో రెండుసార్లు కడిగి, చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టకుండా చెంచాతో తీసి, రెండు చెంచాల చక్కెర వేసి పంపేదాన్ని. ఖాజాబీ గిన్నెలోకి ఒకసారి చూసి తీసుకుపోయేది.

సెప్టెంబరు 2, శనివారం. పదమూడో గిన్నె ఇచ్చి పంపాక గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచాను. నడక ఎంత వచ్చిందో చూసుకుందామని. ఖాజాబీ తన ఇంట్లోకి పోకముందే, గడప పక్కన రాయి మీద గిన్నె బోర్లించింది. నేను వేసిన చక్కెర. అక్కడ అప్పటికే చీమలు బారులు తీరి ఉన్నాయి. అంటే ఆ రోజొక్కటే కాదు, రోజూ.

నేను లోపలికి వచ్చి పడుకున్నాను. వెలుగు ఫోటో దాటి పోయింది. నాకు కోపం రాలేదు. ఇంకా లోతుగా ఏదో వచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఊరి పిల్లల ముక్కులు తుడిచిన చెయ్యి ఇది. ఇప్పుడు ఈ చేతి చక్కెర చీమలకు. నా చేతిది ముట్టడానికి భయమున్నదానివి నాకెందుకు పెడుతున్నావు? జాలికా? ఊరు చూడాలనా?

మర్నాటి నుంచి తినలేదు. ఆమె వెళ్ళగానే పెరటి గోడ దగ్గరకు పోయి గిన్నె మేక ముందు వంచేదాన్ని. ఆ మేక ఖాజాబీ వాళ్ళదే. గోడ కూలిన చోటునుంచి మా పెరట్లోకి వచ్చి మేస్తుంది. అన్నం, రొట్టె, పప్పు, ఏది పెట్టినా తలెత్తేది కాదు. వారానికి దానికి మెడ మెరుపెక్కింది.

"ఏందో టీచరమ్మా" అంది ఖాజాబీ ఒకరోజు, గుమ్మానికి ఆనుకుని. "మా మేకకు వద్దన్నా బలుపొస్తుంది. నీకు నెయ్యి పోసి పెట్టినా ఒక్క వీసం ఎక్కుతలేవు. మీ ఇద్దర్ని మార్చి కట్టేస్తే మంచిగుంటదేమో."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. సెప్టెంబరు 13న దవాఖాన కాటాలో నా బరువు ముప్ఫై ఎనిమిది కిలోల ఆరువందలు. ఆగస్టు చివర ఉన్నదానికంటే ఏడువందల గ్రాములు తక్కువ. సిస్టరు "మందు మింగి తిండి మానితే ఏం లాభమమ్మా" అంది. ఈ మాట నేను ఆ ముగ్గురికీ చెప్పిన మాటే.

రజియా అప్పటికి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. సెప్టెంబరు 16, శనివారం, తల్లి వెనకే వచ్చి గుమ్మం అవతల పీట మీద కూర్చుంది. ఖాజాబీ నీళ్ళ బిందె కోసం వెళ్ళింది. పిల్ల చూస్తుండగా మేక దగ్గరకు పోలేను కదా, తిన్నాను. తింటుంటే రజియా నా ముద్దల్ని కళ్ళతో లెక్కపెడుతున్నట్టు చూసింది.

"ఇంక పదమూడు రోజులే టీచరమ్మా."

"ఏంది పదమూడు?"

ఆమె నాలుక కరుచుకుంది. తర్వాత చెప్పింది. ఖాజాబీ దర్గాలో మొక్కుకుంది. ఈ కడుపు నిలబడాలని, కాన్పు లోపల నలభై రోజులు తెగకుండా ఒక రోగికి తన చేత్తో వండి పెడతానని. రోగి తినాలి. ఒక్క రోజు తెగినా మళ్ళీ మొదటి నుంచి. "అమ్మ రోజు గోడ మీద బొగ్గుతోని గీత పెడ్తది. ఇయ్యాల్టికి ఇరవై ఏడు" అంది, కడుపు మీద చెయ్యి వేసుకుని, సంబరంగా.

నేను తిన్నవి పదమూడు. మేక తిన్నవి పదమూడు. ఆ పూటది ఒకటి. మొత్తం ఇరవై ఏడు. గోడ మీద గీతలు సరిపోయాయి, లోపల లెక్క తప్పింది. అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

మొదట నాకు అనిపించింది దుఃఖం కాదు, అవమానం. ఇన్ని రోజులూ నాకోసం కాదన్నమాట. ఆమెకు ఒక రోగి కావాలి, పక్కింట్లో దొరికాను. నా స్థానంలో ఎవరు దగ్గినా వాళ్ళకే వెళ్ళేది ఆ కిచిడీ. ఆదివారం చర్చికి పోలేదు. పడుకుని ఆలోచించాను. జ్వరం లేదు గానీ, జ్వరంలాంటి తేలికతనం ఇంకా ఉంది. పాన్‌గల్‌లో నేను తూచిన పిల్లలంతా గోడ మీది వెలుగులో వరుసగా నడుస్తున్నట్టున్నారు. వాళ్ళలో ఎవరికోసం చేశాను నేను? టీచరమ్మ లేకపోతే ఈ ఊరేమయ్యేది అన్న ఆ ఒక్క మాట కోసం ఎన్ని మైళ్ళు నడిచానో నాకు తెలుసు. ఖాజాబీ కూతురి కోసం పెట్టింది. నేను నా పేరు కోసం పెట్టాను. ఆమెదే కాస్త మంచి కారణం.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. చెప్పాలా, వద్దా. చెప్పకపోతే వాళ్ళు నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ బిడ్డకేదైనా అయితే? మొక్కులో బలం ఉందా లేదా అన్నది నాకు తెలియదు, అది నా దేవుడి ముందు పెట్టిన మొక్కు కూడా కాదు. అయినా తెగిన దారాన్ని తెగలేదని చూపించి పట్టుకోనివ్వడం నాకు చేతకాలేదు.

సెప్టెంబరు 18, సోమవారం, దవాఖాన. ఇరవయ్యో మోతాదు మింగి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఫినాయిలు వాసన. చీటీలు పట్టుకున్న మనుషులు గోడకు నీడల్లా ఆనుకుని ఉన్నారు. రజియా లోపల డాక్టరమ్మ దగ్గర ఉంది. ఖాజాబీ వచ్చి నా పక్కన కూర్చుంది, జబ్బు మనిషి పక్కన ఎవరూ కూర్చోనంత దగ్గరగా.

"ఖాజాబీ, నువ్వు పెట్టిన బువ్వ మూడో తారీఖు నుంచి పదిహేనో తారీఖు దాకా నేను తినలే."

"మరేం జేసినవ్?"

"మేకకు పెట్టిన."

"ఏ మేకకు?"

"మీ మేకకే."

ఆమెకు నవ్వు వచ్చేసింది. ఒక్క క్షణం. పక్కవాళ్ళు తిరిగి చూశారు. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయి, లోపలినుంచి మెల్లగా ఖాళీ అయింది.

"పదమూడు రోజులు" అంది. "నా బిడ్డ పేరు మీద వండిన బువ్వ. ఎందుకు టీచరమ్మా?"

"చక్కెర చీమలకు పోసినవ్. నా జబ్బుకు భయపడ్డవనుకున్న."

"భయముంటే నీ పక్కపొంటి కూసుంటనా? మొక్కు బువ్వకు బదులు తీసుకోవద్దు. గడప లోపలికి తెస్తే మొక్కు పోతది. నువ్విచ్చింది మోరీల పారబొయ్యనీకి మనసొప్పలే, చీమలకు పోసిన. అవి గూడ అల్లా పానాలే గదా."

"నాకొక మాట చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు తింటుంటివా? నన్ను అడుక్కతినేదాన్ని జేసినవా అంటుంటివి. నీ సంగతి నాకు తెల్వదా?" ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడన్న చెప్పకుంటే నీకేం పోతుండె? నేను నిమ్మళంగ ఉంటుంటి. నీ కడుపుల బరువు దించుకోనీకి తెచ్చి నా నెత్తిన పెట్టినవ్."

  నిజం చెప్పడం ఆమె కోసమేనని రెండు రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. చెప్పిన మరుక్షణం నా ఛాతీ ఎంత తేలికైందో నాకు తెలుసు. ఆ తేలిక ఆమెకేమీ అందలేదు.

రజియా బయటికి వచ్చింది. "కాన్పు అక్టోబరు ఇరవై అన్నది అమ్మీ, డాక్టరమ్మ."

ఖాజాబీ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. నేను కొంగు చాటున లెక్కపెట్టాను. ఈ రోజు నుంచి మళ్ళీ మొదలుపెడితే, అక్టోబరు ఇరవైకి ముప్ఫై మూడు. ఇద్దరం ఒకేసారి ఆగాం.

"ఏడు తక్కువ" అంది ఖాజాబీ నా వైపు చూడకుండా. రజియాకు ఏమీ చెప్పవద్దని చేత్తో సైగ చేసింది.

ఆ సాయంత్రం ఐదున్నరకు గిన్నెతో వచ్చింది. నా ముందు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఒకటి. తినుండ్రి" అంది.

తినుండ్రి అంది. తిను అనలేదు.

వారానికి రంజాన్ నెల వచ్చింది. ఆమె ఉపవాసం. పొద్దు పొడవక ముందు తిన్నది తప్ప నోట్లో చుక్క నీళ్ళుండవు. ఇంట్లో అందరికీ వండి, అందులోంచి నాకు మొదట తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, నేను తినడం చూసేది. పెదవులు ఎండి ఉండేవి. అంత ఆకలి మనిషి ముందు కూర్చుని, ఆకలి లేని మనిషిని నేను, ముద్ద ముద్ద మింగేదాన్ని. మసీదు నుంచి పిలుపు వచ్చేలోగా గిన్నె ఖాళీ కావాలి, ఆమె పోయి రోజా విప్పాలి. మాత్రల రోజుల్లో కళ్ళు మూసుకుని మింగేదాన్ని. మూసిన కళ్ళలో ఏవేవో కనిపించేవి: నీళ్ళలో మునిగి తేలుతున్న పసిపాప, దాని ముందు నా గిన్నె, గిన్నెలో నేను మిగిల్చిన మెతుకులు. ఒక్క మెతుకు మిగల్చలేదు. గిన్నె ఆమే మా పంపు దగ్గర కడుక్కుని పోయేది. చక్కెర పెట్టలేదు. ఏమీ ఇవ్వకుండా తీసుకోవడం నాకు ఆ వయసులో కొత్తగా వచ్చిన చదువు.

సెప్టెంబరు 29న కళ్ళె పరీక్షలో క్రిములు లేవన్నారు. ప్రకాశం ఫోనులో సునీతకు చెప్పి నాకిచ్చాడు.

"నేను పంపించడం మంచిదైంది చూసినవా" అన్నాను.

"మీరు పంపలే అత్తమ్మా. మంచిమాట చెప్పి వెళ్ళగొట్టిన్రు. పక్కింటి ఖాజాబీ పెడితే తింటున్నరట గద. నా చేతి బువ్వనే చేదైంది మీకు."  వెనకనుంచి లిల్లీ ఏదో గబగబా చెబుతోంది. ఒక్క మాటా నా పుస్తకంలోది కాదు.

అక్టోబరు 20 వచ్చింది, పోయింది. నొప్పులు రాలేదు. 21, 22. ఖాజాబీ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకునే వాళ్ళం, చెప్పుకునే వాళ్ళం కాదు. అక్టోబరు 23, సోమవారం, తెల్లవారుతూనే ఆటో వచ్చింది. రజియాను ఎక్కించారు. ఆ రోజు ముప్ఫై ఆరు.

పదకొండింటికి నేను దవాఖానకు నడిచాను. కాన్పు చూడటానికి ఉత్త చేతులతో వెళ్ళడం నా జీవితంలో అదే మొదటిసారి. ఏం తీసుకుపోయినా బదులవుతుంది. దవాఖాన వెనక ఆవరణలో రోగుల మనుషులు మూడు రాళ్ళు పెట్టి వండుకుంటున్నారు. ఖాజాబీ అక్కడే ఉంది. బియ్యం, పప్పు మూట కట్టుకుని తెచ్చుకుంది. నేను వస్తానని ఆమెకు తెలుసు. పొగ కళ్ళలోకి కొడుతోంది. లోపలినుంచి రజియా అరుపు వచ్చినప్పుడల్లా ఖాజాబీ చేతిలో గంటె ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది.  ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా, బట్టలారేసిన తీగల మీద ఊగుతోంది. ఆ ఆవరణంతా నీటి అడుగున ఉన్నట్టు, మనుషులు నెమ్మదిగా ఈదుతున్నట్టు నాకు కనిపించింది. అంత భయంలో అంత నిదానం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

పన్నెండు నలభైకి గిన్నెలో పెట్టింది. "ఐదున్నర దాక ఉండలేను. ఇప్పుడే తినుండ్రి."

తిన్నాను. మధ్యలో రజియా ఒక్క పెద్ద అరుపు అరిచి ఆగిపోయింది. ఖాజాబీ లేచి నిలబడింది. నేను చెయ్యి ఆపాను. "ఆపొద్దు!" అంది, తలుపు వైపే చూస్తూ. నేను మింగాను. మిగిలింది నీళ్ళతో దింపాను. ఒకటీ ఇరవై అయిదుకు సిస్టరు బయటికి వచ్చి, "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. రెండు కిలోల మూడువందలు" అంది.

ఖాజాబీ నేల మీద కూలబడింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి తలెత్తి నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను, కావలించుకుంటుందనుకున్నాను కూడా.

"ఇంక నాలుగు" అంది.

బిడ్డను గుమ్మం దగ్గరనుంచి చూశాను. నాలుగు బారల దూరం. దగ్గరకు రమ్మని ఎవరూ అనలేదు, అనకపోవడమే సరి.

పండుగ రోజు ముప్ఫై ఎనిమిదో గిన్నెలో సేమ్యా, ఖర్జూరం, పాలు. అక్టోబరు 27, శుక్రవారం, నలభై. ఆమె గిన్నె కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "అయింది టీచరమ్మా" అంది. "సంతోషం ఖాజాబీ" అన్నాను. అక్టోబరు 28న సాయంత్రం నేను ఐదింటికే లేచి గుమ్మం ఎదురుగా కూర్చున్నాను. ఐదున్నర అయింది. ఆరు అయింది. గోడ అవతల పసిపిల్ల ఏడుపు, దాన్ని ఊరుకోబెట్టే పాట. మంచి ఏడుపు, ఊపిరితిత్తులు గట్టివి. వింటూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎందుకు రావాలి? మొక్కు తీరింది, ఇంట్లో బాలింత ఉంది. అంతా సరిగ్గానే ఉంది. అయినా ఆరున్నరకు లేచి నా అన్నం నేను వండుకున్నప్పుడు, ఆ రోజు దాకా నేను తిన్నది తిండి ఒక్కటే కాదని తెలిసింది.

డిసెంబరులో మలారంతో వచ్చి రెండు-ఆరు గాజులు తొడిగింది. "ఇంకొంచెం ఎక్కాలె మీరు" అంది మర్యాదగా. పోట్లాట లేదు, అలక లేదు. వీధిలో కనిపిస్తే నిలబడి పలకరిస్తుంది.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు చదువుతుంటే ఒక మాట. మందు మధ్యలో మానవద్దు. ఎవరైనా గిన్నె తెచ్చి పెడితే ఎందుకు పెడుతున్నారని వెతకవద్దు. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ప్రతి చేతి వెనకా ఏదో ఒక కోరిక ఉంటుంది, నా చేతి వెనక ఇరవై ఆరేళ్ళు ఉంది. ఆ నలభై రోజుల్లో నా బరువు మూడు కిలోల రెండువందలు పెరిగింది. నా కోసం కాని తిండి నన్ను నిలబెట్టింది. ఒళ్ళు కారణం అడగలేదు. నేను తిన్నది ఆ పసిదాని కోసమా, ఖాజాబీ నన్ను క్షమించాలనా అని ఎవరైనా అడిగితే, రెండూ అంటాను. ఎంతెంత పాళ్ళో చెప్పలేను. తూచే కాటా నా దగ్గర లేదు.

2007 ఫిబ్రవరి 2న చివరి మాత్ర. ఫిబ్రవరి 4, ఆదివారం, సునీత, లిల్లీ వచ్చారు. లిల్లీ తల్లి కాళ్ళ వెనక దాక్కుని, "ఈ అవ్వ ఎవరు?" అని అడిగింది. సునీత నా వైపు చూసి, మొదటిసారి నవ్వింది, జాలిగా. "అత్తమ్మా, మీరు కూసోండి. ఇయ్యాల నేను వండుత" అంది. కూర్చున్నాను.

పోయినవి ఇవి.

బరువు పదకొండు కిలోలు. ఎనిమిది తిరిగి వచ్చింది, మూడు రాలేదు.

పళ్ళు రెండు.

చర్చి ఆదివారాలు ఇరవై ఒకటి.

మనవరాలితో నూట ఎనభై రెండు రోజులు. పన్నెండో మాట నుంచి "ఈ అవ్వ ఎవరు" దాకా దానికి వచ్చిన మాటలన్నీ.

పదమూడు పూటల బువ్వ.

ఖాజాబీ నన్ను నువ్వు అనడం. చివరిసారి అన్నది 2006 సెప్టెంబరు 18, సోమవారం, దవాఖాన వరండాలో.